సెలవు చీటీలు

జూన్ 3, సోమవారం

మా ఆయన గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదట. మార్చాలన్నారు డాక్టరమ్మ. ఆ మాట విని ఈయన కుర్చీలో కూర్చునే నవ్వడం మొదలుపెట్టారు.

"కవాటమంటే వాల్వే కదమ్మా? ముప్పై ఒక్క ఏళ్ళు ఊరి నీళ్ళ వాల్వులన్నీ తిప్పినవాణ్ణి. చివరికి నాదే కారుతోందా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆగస్టు దాటనివ్వకండి" అని నా వైపు తిరిగి చెప్పారు.

ఆవిడ రాసిన చీటీలో ఒక అక్షరం తప్పుంది. ఇరవై ఆరేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని, నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. మిగతాది ఇంటికొచ్చాక చదివాను.

జూన్ 4

కంగారు పడాల్సిందేమీ లేదు. ఈ రోజుల్లో ఇది పన్ను పీకించుకున్నంత తేలికట. పక్కింటావిడ చెప్పింది.

జూన్ 7

రిటైరైనవాళ్ళ ఆస్పత్రిలోనే ఆపరేషను చేస్తారు. మంచి ఆస్పత్రే. కానీ పాత అట్ట కార్డు ఇక చెల్లదట. కొత్త కార్డు నీళ్ళ శాఖ ఆఫీసు ఇవ్వాలి. అది ఆగస్టు ఒకటిలోగా చూపిస్తే పన్నెండో తారీకుకి మంచం రాసి పెడతారు.

ఒక కార్డుకి అంత గడువెందుకు, రెండు రోజులు చాలదా అనుకుంటూ వెళ్ళాను. ఈయన్ని రావద్దన్నాను. మూడంతస్తుల మెట్లు.

పైన కిటికీ పక్క సీట్లో ఒక గుమాస్తా. ఆయన బల్ల మీది కంప్యూటరుకి గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద భోజనం డబ్బా పెట్టి ఉంది. గోడ మీద మూడేళ్ళ నాటి క్యాలెండరు. హోదా ఏమిటన్నారు, వాల్వుమన్ అన్నాను. ఒక లావుపాటి పుస్తకం తీసి పైనుంచి కిందికి వేలితో దిగారు. మళ్ళీ కిందినుంచి పైకి ఎక్కారు.

"రేపు రండమ్మా."

జూన్ 10

"రేపు రండమ్మా."

జూన్ 11

ఆయనకి పేరు పెట్టాను. రేపుగారు. ఇంటికొచ్చి చెబితే ఈయన పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి మంచం అంచు పట్టుకుని కూర్చుండిపోయారు. పెదాలు రంగు మారాయి.

ఇక నవ్వించకూడదు.

జూన్ 14

రేపుగారు ఇవాళ రేపు రమ్మనలేదు. అంతకన్నా అన్యాయమైన మాట అన్నారు.

"మీ ఆయన మా శాఖలో పనిచేసినట్టు కాగితం లేదమ్మా."

"ప్రతినెలా పెన్షను వస్తోంది కదండీ!"

"అది పెన్షను ఆఫీసు. వాళ్ళకి మీ ఆయన ఉన్నారు. మాకు లేరు."

"పోనీ మా పేటలో ఎవర్నైనా అడగండి. వాల్వు మామ అంటే పసిపిల్లాడు కూడా చెబుతాడు. ఏ వీధినైనా అడగండి."

"వీధి సంతకం పెడితే తీసుకునే రూలు లేదమ్మా."

తరవాత మెల్లిగా అసలు సంగతి చెప్పారు. పదకొండేళ్ళ కిందట ఆఫీసు పాత బిల్డింగు నుంచి ఇక్కడికి మారిన రోజు వానట. లారీ మీద టార్పాలిన్ పట్టా కప్పలేదట. ఇరవై ముప్పై మంది సర్వీసు పుస్తకాలు ముద్దయిపోయాయి, ఎవరివో రాసుకున్నవాళ్ళు కూడా లేరు. నీళ్ళ శాఖ కాగితాలు నీళ్ళపాలయ్యాయన్నమాట. ఈ మాట ఈయనకి చెబితే నవ్వుతారు, అందుకని చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో అందరికీ వినపడేలా అన్నాను. "ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టని మనిషండీ ఆయన! మా అమ్మాయి పుట్టిన నాడు కూడా పొద్దున నీళ్ళు వదిలి, ఆ తరవాతే ఆస్పత్రికి వచ్చారు. అలాంటి మనిషికి కాగితం లేదా?"

రేపుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఒక దారి ఉందన్నారు. సర్వీసు పుస్తకం పోతే కొత్తది కట్టొచ్చు. ఈ శాఖ ముద్ర ఉండి, ఆయన పేరు, హోదా ఉన్న అసలు కాగితాలు పది కావాలి. ఏడాదికొకటి చొప్పున పది వేరువేరు ఏళ్ళవి.

"ఎక్కడ దొరుకుతాయి?"

"దొరకవులెండి. ఉంటే కింద రికార్డు రూములో ఉండాలి. వెతకడానికి మనిషి లేరు."

"నేను వెతుకుతాను."

"బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు." నా మొహం చూసి, "రేపు రండి" అన్నారు.

జూన్ 17

రికార్డు రూము నేలమాళిగలో ఉంది. దానికో మనిషి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ముక్కుకి రుమాలు కట్టుకుని, మాటకో తుమ్ము. దుమ్ము పడదట. పడని మనిషిని ఏరి కోరి దుమ్ములో కూర్చోబెట్టారు. బదిలీకి పెట్టుకున్న దరఖాస్తు ఈ గదిలోనే ఎక్కడో ఉందట. దొరకలేదు.

పైనుంచి చెప్పి పంపినట్టున్నారు. నన్ను చూడగానే అంది. "చూడండి, మీరు బయటివాళ్ళయితే లోపలికి రాకూడదు. మీరు మా పిన్నిగారు. నాకు భోజనం తెచ్చారు. రోజూ తెస్తారు. సరేనా?"

సరే పిల్లా అన్నాను. తుమ్ములమ్మ అని పేరు పెట్టుకున్నాను, లోలోపల.

జూన్ 18

గది పొడుగునా ఇనప ర్యాకులు, ర్యాకుల నిండా గుడ్డ మూటలు, మూటల మీద వెలిసిపోయిన అంకెలు. ఏ అంకెకి ఏ అర్థమో తెలిసిన మనిషి రిటైరై పోయాడు. ఇవాళ తొమ్మిది మూటలు విప్పాం. పంపు మరమ్మతులు. పైపులు పగిలిన లెక్కలు. ట్యాంకులో పావురం పడిందని ఒకాయన రాసిన ఉత్తరం, దాని మీద పద్నాలుగు సంతకాలు, పావురాన్ని ఎవరైనా తీశారో లేదో మాత్రం ఎక్కడా లేదు.

జూన్ 21

రోడ్డు తవ్వారని బస్సు వంతెన మీదుగా తిప్పారు. అమ్మ ఇల్లున్న వీధి మొగ కనపడింది.

అమ్మ సంగతి రాయను. రాయడానికేముంది. నీళ్ళు వదిలేవాణ్ణి చేసుకుంటే నా గడప తొక్కొద్దంది, నేను తొక్కలేదు. అవతలి ఒడ్డున ఆవిడ, ఇవతలి ఒడ్డున నేను, మధ్యలో నలభై నిమిషాల బస్సు. ఒక్కసారైనా కబురు పెట్టలేదు. పోయి పదిహేడేళ్ళయింది. అంతే.

జూన్ 25

ఇప్పటికి అరవై రెండు మూటలు. ఒక్క కాగితం లేదు.

ఈయన గుమ్మం దాకా నడిచి, అక్కడ గోడ పట్టుకుని నిలబడి, కావాలనే ఆగినట్టు ఆకాశం చూస్తున్నారు. నేను కూడా చూశాను. మేఘాలు బాగున్నాయన్నాను.

జూన్ 28

అమ్మాయి స్కూలు నుంచి నేరుగా వచ్చింది. పిల్లలకి ఆటలు నేర్పే మనిషి, నాన్నని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించింది, ఈల ఒక్కటే తక్కువ. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర "అమ్మా, కార్డు వస్తుందా?" అంది. వస్తుందన్నాను. ఎందుకు రాదు?

జూలై 2

దొరికాయి.

చివరి ర్యాకు, అడుగు వరస. ఉద్యోగులు పెట్టుకున్న సెలవు చీటీలు, ఏడాదికో మూట. చేరిన ఆర్డర్లు పోయాయి, సర్వీసు పుస్తకాలు పోయాయి, సెలవు చీటీలు మాత్రం భద్రంగా ఉన్నాయి. తుమ్ములమ్మ చెప్పింది. "ఇవి పారేయకూడదని ఎవరో ఎప్పుడో ఆర్డరు వేశారు పిన్నిగారూ. పారేయొచ్చని ఇంకో ఆర్డరు వేయడం మర్చిపోయారు."

మా ఆయన చీటీ ఇందులో ఉండదు, ఆయన ఎప్పుడూ సెలవు పెట్టలేదన్నాను. ఆ పిల్ల వినకుండా మూట విప్పింది.

నాలుగో చీటీ ఆయనదే.

జూలై 3

చీటీ ఇది. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

"గౌరవనీయులైన సెక్షను ఆఫీసరు గారికి, మా అత్తగారికి కళ్ళ పరీక్ష ఉన్నందున రేపు ఒక్కరోజు సెలవు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నా వాల్వులు రెండో సెక్షను వాల్వుమన్ చూస్తాడు. ఇట్లు తమ విధేయుడు, వాల్వుమన్, నాలుగో సెక్షను."

దస్తూరి ఆయనదే. కింద గుండ్రటి ముద్ర, తారీకు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటిది.

మా అత్తగారికి, అట.

జూలై 4

నెలకొకటి ఉంది. ఇంటి కప్పు కారుతోందని ఒకటి. జ్వరమని ఒకటి. అత్తగారికి, అత్తగారికి, అత్తగారికి.

ముప్పై నాలుగేళ్ళ కాపురం. నెలకో రోజు ఈ మనిషి పొద్దున్నే సైకిలెక్కి, డ్యూటీకని చెప్పి, ఎక్కడికి వెళ్ళారు? సాకు కావాలంటే లోకంలో వెయ్యి ఉన్నాయి. మా అమ్మే దొరికిందా? ఆవిడ మొహం కూడా సరిగ్గా ఎరగరు.

రాత్రి అన్నం పెట్టి మాట్లాడకుండా వచ్చేశాను. "ఏమోయ్, ఇవాళ దుమ్ము ఎక్కువా?" అన్నారు. అవునన్నాను.

జూలై 5

ఎవరైనా ఉన్నారేమోనని కూడా ఆలోచించాను. ఆలోచించాను కాబట్టి రాస్తున్నాను. నా పుస్తకమే కదా.

జూలై 8

పై పేజీలో రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను, ఉండనీ.

ఇవాళ ఆరో ఏడాది మూట. ఆ ఏడాది మొత్తానికి ఆయనది ఒకే చీటీ మిగిలింది, మిగతావి చెదలు తిన్నాయి. అత్తగారు జారిపడి చెయ్యి విరిగినందున మూడు రోజుల సెలవు. మూడు రోజులంటే రుజువు పెట్టాలి కాబట్టి, వెనక తుప్పు పట్టిన గుండుసూదితో ఆస్పత్రి చీటీ గుచ్చి ఉంది.

పేషెంటు సంతకం అమ్మది.

ఆ సంతకం నాకు తెలియకపోవడమేమిటి. నా ప్రోగ్రెసు కార్డులన్నిటి మీదా అదే. చివర గీత, గీత కింద చుక్క. విరిగింది ఎడమ చెయ్యి కాబోలు, కుడిచేత్తో నిలకడగానే పెట్టింది. కింద గళ్ళు కూడా తనే నింపింది. వయసు. వృత్తి: కుట్టుపని. వెంట వచ్చినవారు: మా ఆయన పేరు. వారితో బంధుత్వం:

కొడుకు.

అల్లుడు అని రాసి కొట్టేసింది కూడా కాదు. ఒక్క దెబ్బకి, దిద్దుబాటు లేకుండా, కొడుకు.

తుమ్ములమ్మ కంగారు పడి మంచినీళ్ళు తెచ్చింది. నాకూ దుమ్ము పడడం లేదన్నాను.

జూలై 9

ఇంట్లో ఏమీ అడగలేదు. ఎలా అడగాలో తెలియడం లేదు. ఆయన వీధివైపు కుర్చీ వేసుకుని పక్కింటి కుళాయి చప్పుడు వింటున్నారు. "వాషరు అరిగింది" అని తనలో తను అనుకున్నారు.

జూలై 11

చివరి మూటలో రెండు చీటీలు ఒకదాని మీద ఒకటి గుచ్చి ఉన్నాయి.

ఒకటి: "మా అత్తగారు కూతురిని చూడవలెనని కోరినందున, నా భార్యను వెంటబెట్టుకుని వెళ్ళుటకు రేపు ఒక్కరోజు సెలవు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

రెండోది మర్నాటి తారీకుతో: "నిన్న కోరిన సెలవు రద్దు చేయవలసిందిగా ప్రార్థన. ప్రయాణం ఆగిపోయినది. ఈ పూట డ్యూటీకి హాజరైనాను."

ఆ రోజేదో నాకు గుర్తులేదు.

జూలై 12

గుర్తుంది.

పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "ఏమోయ్, తయారవు, ఒక చోటికి వెళ్దాం" అన్నారు. ఎక్కడికన్నాను. "మీ అమ్మగారి దగ్గరికి. ఒక్కసారి." నేను చేతిలో ఉన్న గిన్నె సింకులో పడేశాను. "ఆ పేరు ఇంకోసారి ఈ ఇంట్లో ఎత్తారంటే నేనుండను" అన్నాను. ఆవిడే పిలిచి ఉంటుందని తట్టలేదు. ఈయనకి ఏదో జాలి పుట్టిందనుకున్నాను. కాదు, ఇదీ నిజం కాదు. తట్టింది. తట్టినా అనేశాను. ఇన్నేళ్ళకి పిలుపొచ్చిందా, ఉండనీ, నేను ఎదురుచూసినన్నాళ్ళు తనూ చూడనీ అనుకున్నాను.

ఆయన మంచి చొక్కా విప్పేసి ఖాకీ చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

నాలుగు నెలలకి అమ్మ పోయింది. ఆ రోజు వెళ్ళాం. ఈయన అక్కడ గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఎన్నడూ ఎరగని మనిషికి ఇంత ఏడుపేమిటని విసుక్కున్నాను. బస్సులో అన్నాను కూడా, ఆ మాట.

కబురు పెట్టలేదని పోయిన నెల ఈ పుస్తకంలోనే రాశాను. పెట్టింది.

జూలై 14, ఆదివారం

ఇవాళ అడిగాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పళ్ళెం తీస్తూ.

"ఏమండీ, మా అమ్మకి కళ్ళ పరీక్ష ఎప్పుడు చేయించారు?"

ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టారు. "ఆ కాగితాలు ఇంకా ఉన్నాయా?" అన్నారు.

"మీరు పనిచేసినట్టు కాగితం లేదు. పని ఎగ్గొట్టినట్టు మాత్రం అన్నీ ఉన్నాయి."

నవ్వారు. నవ్వించకూడదని మర్చిపోయాను.

తరవాత చెప్పారు. మొదట అమ్మాయికి నాలుగేళ్ళున్నప్పుడు, మనవరాలి ఫొటో ఒకటి ఇచ్చి వద్దామని వెళ్ళారట. తలుపు తియ్యలేదు. బయట కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. నీళ్ళు వృథాగా పోతుంటే చూడలేని మనిషి కదా, సంచీలోంచి పానా తీసి బిగించారు. వెళ్ళబోతుంటే కిటికీలోంచి గొంతు.

"పెరట్లోది కూడా కారుతోంది."

"అంతే అందా?"

"అంతే. పై నెల, కప్పు అంది. ఆ పై నెల, తలుపు తీసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. 'తెలిస్తే అది నిన్ను కూడా ఇంట్లోంచి వెళ్ళగొడుతుందిరా' అంది. మీ ఇద్దరిదీ ఒకే మొండితనం. ఎవరికి చెప్పుకోను?"

"ఏం మాట్లాడుకునేవారు?"

"నీ గురించే. ఇప్పటికీ నిలబడే తింటుందా? ఇప్పటికీ చదువుతూ నిద్రపోతుందా? ప్రెస్సులో వెలుతురు సరిగ్గా ఉందా? నెల నెలా అవే ప్రశ్నలు. నేను జవాబులు మోసేవాణ్ణి."

అమ్మాయి స్కూలు గౌన్లు ఆఫీసు అటెండరు భార్య కుట్టి ఇస్తుందని చెప్పేవారు. ఆ అటెండరుకి పెళ్ళే కాలేదట.

చివరి రెండు చీటీల సంగతి నేను అడగలేదు. ఆయనే చెప్పారు. "ఆ రోజు నువ్వు రానన్నావని ఆవిడకి చెప్పలేదోయ్. జ్వరమని చెప్పాను."

"నమ్మిందా?"

"నమ్మింది. నాలుగు నెలలూ అడుగుతూనే ఉంది, జ్వరం తగ్గిందా అని."

పళ్ళెం అక్కడే పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. సాయంత్రం దాకా ఎవరం లేవలేదు.

జూలై 16

అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. "అయితే ఆ పసుపు గౌను అమ్మమ్మదా?" అంది. "దాని జేబు ఎంత బాగుండేదో, అమ్మా."

జూలై 18

మొత్తం పదకొండేళ్ళ చీటీలు. అందులో ఒక ఏడాది మూట తడిసి ఇటుకలా గట్టిపడింది, విప్పితే పొడి. మిగిలినవి సరిగ్గా పది. పదికి పది కావాలి.

కొత్త సర్వీసు పుస్తకంలో అసలు కాగితాలే కుట్టాలి. ఒకసారి కుడితే ఆఫీసువే. మళ్ళీ చేతికి రావు.

తుమ్ములమ్మ ఆస్పత్రి చీటీని నా చేతిలో పెట్టి, అటూ ఇటూ చూసి, "ఇది మీరు ఉంచేసుకోండి పిన్నిగారూ. వెనక గుచ్చింది ఎవరు చూస్తారు?" అంది.

పర్సులో పెట్టుకున్నాను. మెట్ల దాకా వెళ్ళాను. ఆ ఏడాదికి చీటీ అదొక్కటే. మూడు రోజుల సెలవుకి రుజువు లేకపోతే పైవాళ్ళు ఆ ఏడాది కొట్టేస్తే? తొమ్మిది మిగులుతాయి. వెనక్కొచ్చి ఇచ్చేశాను. కొడుక్కి అవసరమైతే అమ్మ మాత్రం ఇవ్వనంటుందా.

అచ్చంగా ఎలా ఉందో అలా ఇక్కడ దించుకున్నాను. సంతకం చివర గీత, గీత కింద చుక్క. నా చేత్తో రాలేదు, నాలుగుసార్లు ప్రయత్నించాను.

జూలై 22

పది చీటీలూ రేపుగారి బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కటే చదివారు. ముద్ర చూడటం ఆపేసి చదువుతున్నారని నాకు తెలిసింది. ఆరోది తిప్పి, వెనక చీటీ చూసి, కళ్ళజోడు తీశారు.

"ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదన్నారు కదమ్మా" అన్నారు మెల్లిగా.

"తప్పు చెప్పానండీ."

ఆయన ఆరోదాన్ని తీసి అన్నిటికన్నా పైన పెట్టారు. "తారీకుల వరస తప్పుతుంది కదా" అన్నాను, ప్రూఫులు చూసే అలవాటు. "ఫరవాలేదు. పుస్తకం తెరిచినవాడికి ముందు ఇది కనపడాలి" అన్నారు. సూదీ దారం తీసుకుని ఆయనే కుట్టడం మొదలుపెట్టారు. కుట్టు వంకర. అమ్మ చూస్తే విప్పించి మళ్ళీ కుట్టించేది.

జూలై 26

పెద్ద ఆఫీసరు సంతకం కావాలి. ఆయన సెలవులో ఉన్నారు.

జూలై 29

ఇంకా సెలవులోనే.

జూలై 30

ఇవాళ వెళ్ళేసరికి రేపుగారి కుర్చీ ఖాళీ. మెట్ల మీద కూర్చున్నాను, తుమ్ములమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మూడింటికి రేపుగారు చెమటలు కక్కుతూ వచ్చారు, చంకలో పుస్తకం. ఆఫీసరు ఇంటికి రెండు బస్సులు మారి వెళ్ళారట. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక కాగితం కోసం తను బయటికి నడవడం ఇదే మొదలన్నారు.

కార్డు మీద ముద్ర వేసి ఊదారు.

"ఇవాళే తీసుకెళ్ళండమ్మా" అన్నారు. 'ఇవాళే' అని నొక్కి మరీ అన్నారు. నేను పెట్టిన పేరు ఎవరో చేరేశారు. తుమ్ములమ్మ అటు తిరిగి తుమ్మింది.

కార్డులో మా పేట పేరు తప్పు పడింది. దిద్దమనలేదు.

ఆగస్టు 1

చూపించాం. మంచం రాశారు.

ఆగస్టు 11

రేపు. సంచీ సర్దాను. ఆయన గడ్డం గీసుకున్నారు, ఆయాసం వస్తే చివర నేను గీశాను. "నీళ్ళు ఆపి, పాత వాల్వు తీసి, కొత్తది బిగించి, మళ్ళీ నీళ్ళు వదలడమే. రోజూ చేసిన పనే" అన్నారు. నాకు ధైర్యం చెప్పడానికి.

భయంగా ఉంది. ఈ పుస్తకంలో ఒక్కసారైనా రాయాలి కదా. జూన్ మూడు నుంచీ భయంగానే ఉంది.

ఆగస్టు 12

ఆరు గంటలు.

ఆగస్టు 13

కళ్ళు తెరిచారు.

ఆగస్టు 17

వార్డుకి మార్చారు. నాలుగు మంచాల గది, కిటికీ పక్కది మాది. మాట్లాడొచ్చన్నారు, కొంచెం కొంచెంగా. రోజుకొక చీటీ సంగతి చెప్పమన్నాను. కళ్ళ పరీక్షతో మొదలుపెట్టారు. గోడ మీది అక్షరాలు చదవమంటే అమ్మ చదవకుండా, ఆ అచ్చు సరిగ్గా పడలేదని డాక్టరుతో వాదించిందట.

నా రోగం ఎక్కడిదో ఇన్నాళ్ళకి తెలిసింది.

ఆగస్టు 20

ఇవాళ్టిది విరిగిన చెయ్యి. కట్టు కట్టినంతసేపూ అమ్మ ఈయన చొక్కా పట్టుకునే ఉందట. ఇంటికి వచ్చాక నలిగిందని చూసి, ఒంటిచేత్తో ఇస్త్రీ చేసి ఇచ్చింది.

ఆగస్టు 24

రోజూ మధ్యాహ్నం కథ జరుగుతోంది. పక్క మంచం పెద్దాయన కూడా చెవి ఇటు వేస్తున్నాడు. ఇవాళ ఏది చెబుతారని అడిగాను. ఈయన నా వైపు తిరిగారు.

"మనిద్దరం కలిసి వెళ్ళింది చెప్పనా?"

నేను దిండు సర్దుతున్నాను. మందుల మత్తేమోనని మొహంలోకి చూశాను. మత్తు కాదు. కళ్ళు తేటగా ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. అన్నీ తెలిసే అడుగుతున్నారు.

"చెప్పండి" అన్నాను.

"బస్సులో నువ్వు కిటికీ పక్కన కూర్చున్నావు. వంతెన దాటేదాకా ఒక్క మాట లేదు. దిగాక వెనక్కి వెళ్ళిపోతానన్నావు. నేను నీ సంచీ లాక్కున్నాను, ఇక ఎలా వెళ్తావు? గుమ్మం దగ్గర నా వెనక దాక్కున్నావు. ఆవిడ తలుపు తీసింది. నీ మొహం చూడలేదు, ముందు నీ జాకెట్టు భుజం చూసింది. 'ఎవరే ఇది కుట్టింది, ఇలా లాగేసిందేం?' అంది."

నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళతో కలిసి వచ్చింది. అచ్చంగా అలాగే అంటుంది.

"తరవాత?"

"తరవాతేముంది. మీరిద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల్నుంచి మాటలు, మాటలు. పొద్దు వాలిపోతున్నా అయిపోవు."

"ఏం మాట్లాడుకున్నాం?"

ఈయన కళ్ళు మూసుకుని దిండు మీదికి ఒరిగారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"అది నువ్వే చెప్పాలోయ్. నేను బయట ఉన్నాను కదా."

అమ్మ ముందు జ్వరం తగ్గిందా అని అడిగిందని చెప్పాను. తగ్గిందన్నానని చెప్పాను. వేళయిపోయిందని నర్సు వచ్చి లేపేదాకా చెబుతూనే ఉన్నాను.